పారిజాతమా, మల్లె పొదా? ఇంటి ముందు జాగాలో ఏది నాటుకోవాలి (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు రోజులైంది. తొలకరి జల్లు నేలను తడపగానే మన గోదావరి జిల్లాల్లో సొంత ఇల్లున్న ప్రతివారికీ నర్సరీలకు పేరుపడ్డ కడియం గుర్తుకు వస్తుంది. ఆదివారం పూట కడియపులంక దారిలో వెళ్తే కార్ల డిక్కీల్లోను, ఆటోల్లోను, మోటారు సైకిలు వెనక కూర్చున్నవారి ఒళ్లోను మొక్కలు ఊళ్లకు తరలిపోతూ కనిపిస్తాయి. వాటిలో ఎన్ని మూడేళ్ల తరువాత అదే చోట బతికి పూస్తూ ఉంటాయని తలుచుకుంటే నాకు మనసులో బెంగ కలుగుతుంది. మొక్క చచ్చిపోవడానికి తెగుళ్లు, పురుగులు కొంత కారణమే అయినా, చాలా ఇళ్లలో అసలు కారణం దానికి సరిపడని చోట దాన్ని నాటడం, లేదా దానికి కావలసిన సేవ చేసే తీరిక లేనివారు దాన్ని తెచ్చుకోవడం.

ఈ సభ మొదలు కాకముందు నాకొక చీటీ అందింది. పేరు రాయలేదు కాని, ఒక ఉద్యోగిని రాసినది. వారి ఇల్లు తూర్పు ముఖం. ప్రహరీ గోడకు, వరండాకు మధ్య 10 అడుగుల వెడల్పున, ఉత్తర దక్షిణాలుగా 24 అడుగుల పొడవున మట్టి నేల మిగిలింది. దక్షిణం పక్కన ఇరుగువారి రెండంతస్తుల మేడ ఉంది. ఉదయం ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఏడింటికి గాని ఇంటికి రారట. "పారిజాతం వేయాలా, మల్లె వేయాలా? ఒక్కదాన్ని సాకే ఓపికే ఉంది" అని అడిగారు. నేను సిద్ధం చేసుకుని వచ్చిన ప్రసంగమంతా ఈ రెండు వాక్యాలలో ఉంది కనుక, ఆమెకు సమాధానం చెప్పడానికి ఏమేమి తెలుసుకోవాలో ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వెళ్తాను.

ముందు మాటల విషయం. అందం కోసం పెంచే చెట్టు అంటే ఏమిటో అందరికీ తెలుసు. తురాయి, రేల, దేవకాంచనం, దేవగన్నేరు, పొగడ, పారిజాతం అటువంటివి. రెండోదాన్ని పుస్తకాల్లో బహువార్షిక పూల మొక్క అంటారు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతికి, ఏటా తన కాలంలో పూసేది అని అర్థం. బంతి విత్తనం వేస్తే పూసి, ఎండి, ఆ ఏటితో సరి. చామంతి అలా కాదు. పూత అయిపోయాక మొదలు దగ్గర పిలకలు వేస్తుంది, వాటిని విడదీసి నాటుకుంటే మళ్లీ పొద్దు తగ్గే కాలానికి మొగ్గ తొడుగుతుంది. చలి దేశాల్లో ఈ జాతి మొక్కలు చాలావరకు శీతాకాలంలో పైన ఎండిపోయి, వేరు మాత్రం మట్టిలో నిద్రపోయి, వసంతానికి మళ్లీ మొలుస్తాయి. మన దగ్గర నేలసంపెంగ, మెట్టతామర, చంద్రకాంత దుంపతో బతికేవి కనుక కొంతవరకు ఆ కోవకు చెందుతాయి. మనం నిజంగా ఇంటి ముందు పెంచుకునే మల్లె, జాజి, మందారం, నందివర్ధనం, కనకాంబరం, డిసెంబరాలు మాత్రం ఏడాది పొడవునా ఆకుతో నిలిచే పొదలు, చిరు పొదలు. తోటమాలి దృష్టిలో ఇవన్నీ ఒక జట్టు, చెట్లన్నీ ఒక జట్టు. ఈ రెండు జట్లకూ మధ్య అసలు తగాదా నీటి గురించో, ఎరువు గురించో కాదు, ఎండ గురించి.

ఎండ గురించి కాస్త వివరంగా చెప్పాలి. రాజమహేంద్రవరం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరు నెలాఖరుకు బాగా దక్షిణానికి వాలి, మధ్యాహ్నం వేళ కూడా ఆకాశంలో సగానికి కొద్దిగా పైన మాత్రమే ఉంటాడు. ఆ రోజుల్లో 20 అడుగుల చెట్టు నీడ మధ్యాహ్నం ఉత్తరం వైపు 17 అడుగుల దాకా పరుచుకుంటుంది. అదే చెట్టు నీడ మార్చి నెల మూడోవారానికి 6 అడుగులకు ముడుచుకుంటుంది. అందువల్ల చెట్టుకు ఉత్తరాన నాటిన పూల మొక్కకు చలికాలమంతా ఎండ ఉండదు, దక్షిణాన నాటినదానికి ఉంటుంది. నర్సరీలో ఈ మాట చెప్పేవారు అరుదు, ఎందుకంటే వారికి మీ ఇంటి దిక్కులు తెలియవు. ఇంటికి వచ్చాక మనమే చూసుకోవాలి. ఇది తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి ఎండ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో నేల మీద గీతలు గీయండి. ఒకసారి ఇప్పుడు, మరొకసారి సంక్రాంతి సెలవుల్లో గీస్తే మీ జాగా స్వభావం మీకు తెలిసిపోతుంది.

ఈ పని నేను చేయకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని చెప్పకుండా మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన దానిని అయి ఉండి కూడా, మేము కొత్త ఇంట్లోకి వచ్చిన ఏడాది ప్రహరీ గోడకు 6 అడుగుల దూరంలో ఎర్ర తురాయి నాటాను. వేసవి సెలవుల్లో కొమ్మంతా ఎర్రబడే ఆ చెట్టు మీద చిన్ననాటి నుంచి నాకున్న ప్రేమ అటువంటిది. దానికి ఉత్తరాన మా అత్తగారు తన పుట్టింటి నుంచి తెచ్చిన గుండుమల్లె అంటు ఉండేది. మొదటి నాలుగేళ్లు రెండూ సఖ్యంగా ఉన్నాయి. తురాయి చాలా వేగంగా ఎదిగే చెట్టు. మడగాస్కరు ద్వీపం నుంచి వచ్చి మన రోడ్లన్నిటినీ ఆక్రమించుకోగలిగింది ఆ వేగంతోనే. పైకి ఎదగడం కన్నా పక్కకు గొడుగులా పరచుకోవడం దాని తత్వం. ఏడో ఏట మల్లెకు ఆకు నిండుగా ఉంది, మొగ్గ లేదు. అత్తగారు ఎరువు వేశారు, మట్టి మార్చారు, కొమ్మలు కత్తిరించారు, అయినా మొగ్గ రాలేదు. మల్లె నిండుగా పూయాలంటే రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఎండ బాగా తగ్గిపోతే పచ్చగా బతుకుతుంది కాని పూయదు. తొమ్మిదో ఏట ప్రహరీ గోడ పగిలింది. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ మట్టిలో పెద్ద చెట్టు వేర్లు నీటిని లాగుతున్నకొద్దీ పునాది కింద నేల ఇంకా కుంచించుకుపోతుంది. చివరికి ఆ చెట్టును కొట్టించవలసి వచ్చింది. మనం నాటిన చెట్టే అయినా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం దాన్ని కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. అనుమతి తెచ్చుకుని, మనుషులను పెట్టి, గూళ్లు కట్టుకున్న పక్షులు లేచిపోయే దాకా ఆగి కొట్టించిన ఆ రోజు నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. తప్పు తురాయిది కాదు. విశాలమైన బడి ఆవరణలో అది దేవతా వృక్షమే. 200 గజాల ఇంటి స్థలంలో దాన్ని నాటడం నా తప్పు.

వేర్ల గురించి ఒక అపోహ ఉంది. చెట్టు పైన ఎంత ఉంటే భూమిలో అంత లోతుకు వేరు దిగుతుందని చాలామంది అనుకుంటారు. నీటిని, పోషకాలను పీల్చే వేర్లలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల అంచును కూడా దాటి చాలా దూరం పాకుతాయి. మురుగు గొట్టం అతుకు దగ్గర కాస్త నీరు కారుతున్నా ఆ తడిని వెతుక్కుంటూ అక్కడికి చేరతాయి. కనుక పెద్ద చెట్టుకు కనీసం 15, 20 అడుగుల దూరం, పారిజాతం వంటి చిన్న చెట్టుకు 4, 5 అడుగుల దూరం గోడల నుంచి వదలగలిగినప్పుడే చెట్టు మాట ఎత్తాలి. ఆ దూరం లేనివారు నిస్సంకోచంగా పొదల వైపు వెళ్లాలి.

ఇక మల్లె. పూల పొద అంటే సులువైన పని అని, చెట్టు అంటే పెద్ద బాధ్యత అని మనం అనుకుంటాం. అనుభవం ఇందుకు తలకిందులుగా ఉంటుంది. చెట్టుకు మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోసి నిలబెడితే ఆ తరువాత దాని బతుకు అది బతుకుతుంది. మల్లె అలా వదిలేస్తే పూసేది కాదు. కార్తిక మాసం దాటాక నీళ్లు బాగా తగ్గించి పొదకు విశ్రాంతి ఇవ్వాలి. డిసెంబరులో ఎండు కొమ్మలు, బలహీనమైన కొమ్మలు తీసేసి, మిగిలినవాటిని నేల నుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తుకు కత్తిరించి, ఉన్న ఆకు కూడా దూసేయాలి. అలా మోడులా నిలిచిన పొదను చూస్తే మొదటిసారి చేసేవారికి చేతులు వణుకుతాయి. పాదు తవ్వి, రెండు మూడు రోజులు వేరుకు ఎండ తగలనిచ్చి, చివికిన పశువుల ఎరువు వేసి అప్పుడు నిండుగా నీళ్లు పెడితే కొత్త చిగుళ్లు వస్తాయి. మల్లె మొగ్గ వచ్చేది ఆ కొత్త చిగురు చివర మాత్రమే. పాత కొమ్మను కాపాడుకుంటూ కూర్చుంటే ఆకులే మిగులుతాయి. అలా చేసిన పొద ఫిబ్రవరి చివరికి మొగ్గ తొడిగి, ఉగాది నాటికి ఇల్లంతా వాసన నింపి, తొలకరి దాకా పూస్తుంది. ఈ సేవ ఏటా తప్పకుండా చేస్తే 10, 15 ఏళ్లు పూసే పొద అది. ఆ తరువాత కూడా బెంగపడనక్కరలేదు. వానాకాలంలో ఒక కొమ్మను నేలకు వంచి, కణుపు దగ్గర మట్టి కప్పి, పైన రాయి పెడితే రెండు మూడు నెలల్లో వేరు పట్టి అంటు తయారవుతుంది. మా అత్తగారి మల్లె ఇప్పటికీ బతికి ఉన్నది ఈ విధంగానే. తురాయి కొట్టక ముందే ఆమె ఒక అంటు కట్టి మా ఆడపడుచు ఇంటికి పంపారు. అక్కడి నుంచి తెచ్చిన కొమ్మే నేడు మా వాకిట్లో ఉంది.

కోత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మల్లె మొగ్గను సాయంత్రం విచ్చకముందే కోయాలి. కోయకుండా వదిలిన పువ్వు మరునాటికి గోధుమరంగుకు తిరిగి కొమ్మ మీదే వాడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా ప్రతి సాయంత్రం ఒక మనిషి ఆ పొద దగ్గర పదిహేను నిమిషాలు నిలబడాలి. ఆ పదిహేను నిమిషాలే కొందరికి రోజంతటిలో తమకంటూ మిగిలే సమయం. అటువంటివారు మల్లె నాటకపోతే నాకు బాధ కలుగుతుంది. ఆ వేళకు ఇంట్లో ఎవరూ లేని కుటుంబం మల్లె నాటినా అంతే బాధ కలుగుతుంది.

ఈ మధ్య మన ఇళ్లలో ఇంకొక కొత్త పరిస్థితి వచ్చింది. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే తల్లిదండ్రులు ఏటా నాలుగైదు నెలలు తాళం వేసి వెళ్తున్నారు. సాధారణంగా వేసవిలోనే వెళ్తారు. మే నెల ఎండలో మూడు రోజులకొకసారి నీరు అడిగే పొదలను పొరుగువారికి అప్పగించి వెళ్లడం ఇద్దరికీ ఇబ్బంది. అటువంటి ఇంటికి నేను దేవగన్నేరు చెబుతాను. మూరెడు కొమ్మ విరిచి, పాలు ఆరేలా వారం రోజులు నీడలో ఉంచి, నీరు నిలవని చోట పాతితే చాలు. నీరు లేకపోతే ఆకు రాల్చుకుని ఓర్చుకుంటుంది. ఎక్కువైతేనే మొదలు కుళ్లుతుంది. దాని పాలు చర్మానికి, కంటికి మంచివి కావు కనుక కొమ్మ విరిచాక చేతులు కడుక్కోవాలి. తెలంగాణ ఎర్రనేలల్లో ఇల్లున్నవారికైతే, రాష్ట్ర పుష్పమైన తంగేడునే పెరట్లోకి ఆహ్వానించమని అడుగుతాను. బతుకమ్మకు ఊరి బయట వెతుక్కుంటున్న పువ్వు, నీళ్లు అడగని పొద, ఎర్రచెల్కలో హాయిగా పెరిగేది. నర్సరీల్లో తేలికగా దొరకకపోయినా కాయ తెచ్చి గింజ వేస్తే మొలుస్తుంది.

చెట్టే కావాలని నిశ్చయించుకున్నవారికి మరొక మాట. మనది తుపానుల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు వేలాది చెట్లు వేళ్లతో సహా పడిపోవడం మనందరం చూశాం. వేగంగా ఎదిగిన చెట్టు కలప మెత్తగా ఉంటుంది, కొమ్మ తేలికగా విరుగుతుంది. ఆ తరువాత నగరంలో పచ్చదనం త్వరగా రావాలని ఏడాకుల చెట్టును విరివిగా నాటారు. అది నీడకు మంచిదే. కాని శరదృతువులో అది పూసినప్పుడు దాని ఘాటైన వాసన తట్టుకోలేకపోతున్నామని, ఊపిరికి ఇబ్బందిగా ఉందని ఎందరో నగరవాసులు ఫిర్యాదు చేశారు. ఒక్క చెట్టు ఉంటే పరిమళమైనది, వీధంతా అదే ఉంటే భారమయింది. ఇంటి చెట్టును ఎంచుకునేటప్పుడు కూడా వీధిలో ఇప్పటికే ఏమున్నాయో చూసి, లేనిదాన్ని నాటడం మంచిది. నా అభిప్రాయం అడిగితే, 30 అడుగుల ఖాళీ ఉన్నవారు పొగడ నాటాలి. ఆలస్యంగా ఎదుగుతుంది, మనవల కాలానికి గాని నిండు చెట్టు కాదు. కాని గాలికి నిలుస్తుంది, ఏడాదంతా ఆకు ఉంటుంది, రాలిన పువ్వు ఎండిన తరువాత కూడా వాసన వదలదు. అందులో సగం జాగా ఉన్నవారికి దేవకాంచనం సరిపోతుంది. పడమటి గోడ కాలిపోతోందని బాధపడేవారు ఏ చెట్టునైనా ఇంటికి పడమరనే నాటాలి, ఎందుకంటే మే నెలలో ఇంటిని వేయించేది సాయంత్రపు ఎండ.

చెట్టు మన గోడ లోపల ఉన్నా దాని ఆకులు, పూలు గోడ దాటుతాయన్న సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. సత్యభామ పెరట్లో నాటిన పారిజాతం పూలు రుక్మిణి వాకిట్లో రాలాయని కథ చెప్పుకుంటాం గదా. ఇరుగుపొరుగు మధ్య ఆకుల ఊడ్పు గురించి మాట పట్టింపులు రాకముందే, నాటబోయే చోటును వారికి కూడా చూపించి ఒక మాట అడగడం మర్యాద.

నర్సరీలో మొక్కను ఎంచుకోవడం గురించి రెండే విషయాలు చెబుతాను. పూలతో ఉన్న పెద్ద మొక్కను చూసి మురిసిపోకండి. సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేర్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. చెట్టుకు అది జీవితాంతం లోపమే, గాలి వచ్చిన రోజున బయటపడుతుంది. సంచి అడుగున వేరు బయటికి పొడుచుకు రాని, నడుము బలంగా ఉన్న చిన్న మొక్కను తీసుకోండి. గొయ్యి మాత్రం రెండడుగుల పొడవు, వెడల్పు, లోతులతో తవ్వి, పైమట్టిలో చివికిన ఎరువు కలిపి నింపండి.

ఇప్పుడు చీటీ రాసిన సోదరికి నా సమాధానం. మీ జాగా తూర్పున ఉంది కనుక ఉదయం ఎండ వస్తుంది, మధ్యాహ్నం దాటాక మీ ఇంటి నీడే దాని మీద పడుతుంది. దక్షిణాన ఉన్న మేడ 22 అడుగులు ఉంటుందనుకుంటే, డిసెంబరులో దాని నీడ మీ 24 అడుగుల జాగాలో 19 అడుగులను కప్పేస్తుంది. వేసవిలో ఆ నీడ తొలగినా మీకు దక్కేది ఐదు గంటల ఎండే. మల్లె అక్కడ పూయగలదు, కాని నిండుగా పూయలేదు. పైగా మొగ్గ కోసే వేళకు మీరు ఇంట్లో ఉండరు. పారిజాతం పూసేది శ్రావణం నుంచి మార్గశిరం దాకా. రాత్రి విచ్చి, తెల్లవారేసరికి తనంతట తానే నేల రాలుతుంది. మీరు ఇంట్లో ఉండే వేళ కూడా అదే. నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదనే ఆచారం దీనికి వర్తించదు కూడా. కాస్త నీడను ఓర్చుకుంటుంది. అందుచేత మీరు పారిజాతమే నాటండి. మేడ నీడ పడే దక్షిణపు కొసకు, ప్రహరీకి 4 అడుగులు వదిలి పెట్టండి. పూత ముగిశాక మాఘమాసంలో ఏటా కొమ్మలు కత్తిరించి 8, 9 అడుగుల ఎత్తు దాటనివ్వకండి. వానాకాలంలో ఆకు మీద గొంగళి పురుగులు కనిపిస్తే ఆ కొమ్మను తుంచి తీసేస్తే సరిపోతుంది. ఉత్తరపు కొసన ఉన్న ఐదడుగులు మాత్రం ఖాళీగానే ఉంచండి. చలికాలంలో కూడా ఎండ పడే చోటు మీ ఇంటి ముందు అదొక్కటే. సాయంత్రాలు మీవయిన రోజున అక్కడ మల్లె నాటుకోవచ్చు, మా ఇంటి అంటు నేనే ఇస్తాను.

ఆరుద్ర కార్తె వచ్చేలోగా గొయ్యి తవ్వించి పెట్టుకోండి. రెండో వానాకాలానికి పూత మొదలవుతుంది. రాత్రి పడుకోబోయే ముందు చెట్టు కింద ఒక పాత చీర పరచి ఉంచుకుంటే, తెల్లారి ఏరుకోవడానికి నడుము వంచనక్కరలేదు, పువ్వుకు మట్టీ అంటదు.